ఖడ్గమృగం పావలాకి లక్షలు రావు, తోడేలు నాణేన్ని కాటాకి వెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను ప్రొద్దుటూరులో ఉంటాను, హైస్కూల్లో సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మీ పేపరు మా ఇంటికి ఎన్నేళ్ళ నుంచి వస్తోందో లెక్కలేదు కానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పొడుగైతే కత్తిరించుకోండి, ఏమీ అనుకోను. తోడేలు సంగతి మాత్రం తీసెయ్యకండి, ఉత్తరం రాసిందే దానికోసం.

వెండి గురించి మీరు రాసేవి రెండే రెండు రకాలు. ఒకటి, ఈరోజు కిలో ఎంత, నిన్నటి మీద ఎంత పెరిగింది. కిలో లక్ష దాటినప్పటి నుంచి ఇది మరీ ఎక్కువైంది, వాతావరణం వార్తల్లాగా రోజూ వస్తోంది. రెండోది మీ ఆన్‌లైన్ ఎడిషన్‌లో వస్తుంది: "మీ ఇంట్లో ఈ నాణెం ఉందా? అయితే మీరు లక్షాధికారే!" అని, కింద ఖడ్గమృగం బొమ్మ ఉన్న పావలా ఫొటో. మొదటిది నిజమే గానీ సగం నిజం. రెండోది శుద్ధ అబద్ధం. ఈ రెండింటికీ మధ్య బోలెడంత సంగతి ఉంది, దాని గురించి ఎవరూ ఒక్క ముక్క రాయరు. రాయకపోతే ఏమవుతోందో నా కళ్ళతో చూసింది చెబుతాను.

మా పక్కింటి అమ్మాయి ఒకప్పుడు నా దగ్గరే చదువుకుంది, ఇప్పుడు ఆమెకే ఇంటర్ చదివే కూతురుంది. ఫీజు కట్టాల్సి వచ్చి, "టీచర్, మా అన్న కెనడా నుంచి తెచ్చిన వెండి బిళ్ళలు ఆరున్నాయి, అమ్మేద్దామనుకుంటున్నా, మీరు తోడు రండి, నేనొక్కదాన్నే పోతే తక్కువకు అడుగుతారు" అంది. బిళ్ళలే కదా అనుకుని వాటిని చూడకుండానే బయల్దేరాను, అది నా తప్పు. షాపులో ఆమె చేతిసంచిలోంచి ఒక్కొక్కటే తీసి గాజు బల్ల మీద పెడుతుంటే నా గుండె గుభేలుమంది. రాయల్ కెనడియన్ మింట్, అంటే కెనడా టంకశాల, వాళ్ళ వైల్డ్‌లైఫ్ వరస, మొత్తం ఆరూ ఉన్నాయి. 2011లో వచ్చిన తోడేలు, గ్రిజ్లీ ఎలుగుబంటి. 2012లో కూగర్ అనే పెద్ద అడవిపిల్లి, మూస్ అనే భారీ దుప్పి. 2013లో జింకలాంటి ప్రాంగ్‌హార్న్, బైసన్ దున్న. వాటిలో నా దగ్గర ఉన్నది ఎలుగుబంటి ఒక్కటే, మా అబ్బాయి కాల్గరీ నుంచి వస్తూ తెచ్చాడు. మిగతా ఐదింటినీ అంతవరకూ ఫొటోల్లో తప్ప చూడలేదు.

నేను నోరు తెరిచేలోపే అక్కడి కుర్రాడు తోడేలు ఉన్న ప్లాస్టిక్ క్యాప్సూల్‌ని స్క్రూడ్రైవర్‌తో విప్పి, నాణేన్ని బొటనవేలితో సరిగ్గా తోడేలు ముఖం మీదే అదిమిపట్టి, అంచున ఆకురాయితో ఒక్క గీటు గీశాడు. కర్ర్ మంది. తర్వాత గీటురాయి మీద రుద్ది, యాసిడ్ చుక్క వేసి చూసి, "టంచ్ బాగుందన్నా" అని, అంటే వెండి స్వచ్ఛంగా ఉందని, లోపలికి కేకేశాడు. బాగుండక ఏమవుతుంది నాయనా, అది 9999 వెండి, అంటే నూటికి 99.99 పాళ్ళు వెండే, ఆ సంగతి నాణెం మీదే రాసి ఉంది, చదివితే సరిపోయేది. ఆ నాణెం అంచుకి చుట్టూ సన్నటి నిలువు గీతలుంటాయి, మన పాత వెండి రూపాయి అంచుకి ఉన్నట్టే. ఆకురాయి పడినచోట నాలుగైదు గీతలు చదునైపోయి, ట్యూబ్‌లైట్ కింద కొత్త గాయంలా తెల్లగా మెరుస్తున్నాయి.

యజమాని వచ్చి ఆరింటినీ ఒకేసారి కాటా మీద పెట్టాడు. 186.6 గ్రాములు చూపించింది. "186 అనుకుందాంలే టీచరమ్మా, కరిగిస్తే ఎట్లాగూ తరుగు పోతుంది" అన్నాడు. ఎందుకు కరిగించడం అన్నాను. ఇవి నాణేలండీ, ఒక దేశం అచ్చువేసింది, వెనక ఎలిజబెత్ రాణి బొమ్మ చూడండి, 5 డాలర్లు అని రాసుంది చూడండి అని ఏదో క్లాసులో చెప్పినట్టు చెప్పాను. ఆయన నవ్వి, "రాణి ఉన్నా ఎలుగ్గొడ్డు ఉన్నా కాటాకు తెలీదు కదమ్మా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు నచ్చింది కూడా. ఆయన మోసమేమీ చేయలేదు. ఆరోజు రేటు చూపించాడు, తరుగు తీశాడు, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆయన వ్యాపారం వెండి కొనడం, జంతువుల్ని గుర్తుపట్టడం కాదు. అమ్ముకునే మనిషికే చేతిలో ఉన్నదేమిటో తెలియకపోతే కొనేవాడిని ఏమని అడుగుతాం?

ఆ అమ్మాయికి డబ్బు ఆరోజే కావాలి. నాకింకా పెన్షన్ పడలేదు, పడి ఉంటే ఆరూ నేనే తీసుకునేదాన్ని. ఐదు అక్కడే ఉండిపోయాయి. గీటు పడిన తోడేలుని మాత్రం అదే రేటుకి నేను కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాను.

అమ్మకుండా ఉంచుకుంటే లక్షలు వచ్చేవా అంటారా? రావు. ఒక్కో జంతువుకీ 10 లక్షల నాణేలు అచ్చువేశారు, అంత దండిగా ఉన్నదానికి లక్షలెవరిస్తారు? కానీ ఆరూ కలిసి ఉండి, క్యాప్సూల్ విప్పకుండా, మచ్చ లేకుండా ఉంటే వెండి ధర మీద ఇంకొంత వేసి సంతోషంగా కొనుక్కుపోయే సేకర్తలున్నారు. హైదరాబాదులో, విజయవాడలో నాణేల ఎగ్జిబిషన్లు జరిగినప్పుడు చూడండి, ఇలాంటివాటి దగ్గర మనుషులు చేరతారు. ఆ ఇంకొంత అనేది ఆ పిల్ల పుస్తకాలకు సరిపోయేది, అంతే. అయినా అది కూడా డబ్బే కదా, ఆకురాయి దాన్ని గీకిపారేసింది.

ఇక ఖడ్గమృగం పావలా. 1988 నుంచి 2002 దాకా వచ్చిన స్టీలు పావలా అది, వెనక ఒంటికొమ్ము ఖడ్గమృగం, ఎంత ముచ్చటగా ఉంటుందో. 2011 జూన్ 30తో పావలా చెల్లుబాటు ఆగిపోయింది. మనందరి ఇళ్ళల్లో పోపుడబ్బాల్లో, కుట్టుమిషను సొరుగుల్లో ఇంకా దొర్లుతూనే ఉంటాయి. అలాంటి స్టీలు ముక్కకి పది లక్షలు ఇస్తామని ఎవడైనా అంటే వాడు మనకిచ్చేరకం కాదు, మన దగ్గర లాగేరకం. మా వీధిలో ఒక రిటైర్డ్ కండక్టరు గారు ఆ వార్త చూసి ఫోన్ చేస్తే, ముందు రిజిస్ట్రేషన్ ఫీజన్నారు, తర్వాత ట్యాక్స్ అన్నారు, ఆయన ఫోన్‌లోనే రెండుసార్లు డబ్బు పంపించి మూడోసారికి గానీ మోసమని తెలుసుకోలేకపోయారు. 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు స్వయంగా ఒక ప్రకటన ఇచ్చింది, పాత నాణేలు కొంటాం అమ్ముతాం అంటూ తమ పేరు, లోగో వాడుకుని కమిషన్లూ పన్నులూ అడిగేవాళ్ళని నమ్మొద్దని. ఆ ప్రకటన లోపలి పేజీలో చిన్నగా వచ్చింది. లక్షాధికారి వార్త మాత్రం ఫొటోతో వస్తుంది. ఇది మీకు కోపం తెప్పించినా సరే, అనక తప్పదు.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది. మన ఇళ్ళల్లో వెండి కాయిన్ అంటే శ్రావణ శుక్రవారానికో, అక్షయ తృతీయకో షాపులో కొనే లక్ష్మీదేవి బిళ్ళ. దాని మీద దేశం పేరుండదు, ఇన్ని రూపాయలు అనీ ఉండదు. షాపువాళ్ళు చేయించారు, మళ్ళీ షాపువాళ్ళే తూకానికి తీసుకుంటారు, అందులో అన్యాయమేం లేదు. (ఆ బిళ్ళ మీద గజలక్ష్మి ఉంటే అటూ ఇటూ ఏనుగులుంటాయి గమనించారా? వెండి మీద జంతువు మనకేం కొత్త కాదు.) నాణెం సంగతి వేరు. దాన్ని ఒక ప్రభుత్వం పేరున వేస్తారు, దాని మీద ఒక విలువ రాస్తారు, ఆ ఏడాది అచ్చు అయిపోతే చాలావాటికి ఆ బొమ్మ మళ్ళీ రాదు. అలాగని ఆ నాణెం పట్టుకుని కెనడాలో పాలప్యాకెట్ కొనేవాళ్ళెవరూ ఉండరు, 5 డాలర్లు అని రాసున్న దాంట్లో వెండే అంతకు ఎన్నో రెట్లు. సోమాలియా పేరుతో ఏనుగు నాణెం వస్తుంది, 100 షిల్లింగులు, 2004 నుంచి ప్రతి ఏడూ ఏనుగు బొమ్మ మారుతుంది. అచ్చయ్యేది మాత్రం జర్మనీలో, మ్యూనిక్‌లోని బవేరియా ప్రభుత్వ టంకశాలలో! ఇది తెలిసినప్పుడు నాకు నవ్వాగలేదు. ఏనుగు ఆఫ్రికాది, పేరు సోమాలియాది, చెయ్యి జర్మనీది, చివరకి చేరేది ప్రొద్దుటూరులో ఎవరి బీరువాలోకో.

పాండా గురించి చెప్పకపోతే మా అత్తగారు నొచ్చుకుంటారు. చైనా వాళ్ళు వెండి పాండా 1983లో మొదలుపెట్టారు, ఒకవైపు బీజింగ్‌లోని స్వర్గాలయం, ఇంకోవైపు పాండా, ఏటా కొత్త భంగిమ. 2001, 2002 రెండేళ్ళూ ఒకే బొమ్మ వేస్తే సేకర్తలు గోలపెట్టారు, 2003 నుంచి మళ్ళీ మార్చడం మొదలుపెట్టారు. మా అబ్బాయి స్నేహితుడు ఒక పాండా ఇచ్చాడు నాకు, 2019ది. దాని మీద పాండా చుట్టూ ఉన్న భాగం అద్దంలా ఉంటుంది, పాండా ఒక్కటి మసకగా తెల్లగా పైకి తేలి కనిపిస్తుంది, ఆ తేడాలోనే దాని అందమంతా. ఉగాది ముందు పూజసామాను తోముతూ అత్తగారు దాన్ని కూడా దీపపు కుందులతో పాటు చింతపండులో నానేసి విభూదితో తోమేశారు. "నల్లబడిందమ్మాయ్, ఎంత తెల్లగా వచ్చిందో చూడు" అని సంబరంగా చూపించారు. అద్దం పోయింది. సున్నాలు సున్నాలుగా గీతలు, పాండా మీసాలు కూడా అరిగిపోయినట్టున్నాయి (పాండాకి మీసాలున్నాయని ఆ నాణెం చూసేదాకా నాకూ తెలీదు). ఎనభై దాటిన మనిషిని ఏమంటాం, "బాగా తోమారత్తయ్యా" అన్నాను.

నలుపు అనేది మురికి కాదండీ. గాలిలో ఉండే గంధకం వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర అవుతుంది, ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పే పాఠమే. తోమితే ఆ పొరతో పాటు కింద వెండి కూడా పోతుంది, బొమ్మ పోతుంది. నల్లబడ్డ నాణెం అలాగే ఉంటే కొనేవాళ్ళున్నారు, తోమిన నాణేన్ని తెలిసినవాడెవడూ ముట్టుకోడు. రబ్బరు బ్యాండు వేసి పెట్టినా నలుపెక్కుతుంది, రబ్బర్లో గంధకం ఉంటుంది కాబట్టి. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే కొన్నేళ్ళకి ఆకుపచ్చగా జిగురు పడుతుంది. క్యాప్సూల్‌లో వచ్చినదాన్ని క్యాప్సూల్‌లోనే ఉంచండి, పట్టుకోవాల్సి వస్తే అంచులు పట్టుకోండి, బూట్ల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి డబ్బాలో పడెయ్యండి, అంతకుమించి సేవ అక్కర్లేదు. కెనడా నాణేలకి మాత్రం ఇంకో జబ్బుంది, ఎంత జాగ్రత్తగా పెట్టినా తెల్లటి చుక్కలొస్తాయి, పాలమరకలు అంటారు. 2018లో గానీ ఆ టంకశాల వాళ్ళు దానికో విరుగుడు కనిపెట్టలేదు. నా ఎలుగుబంటికి రెండు చుక్కలున్నాయి, మంచు పడిందనుకుంటాను.

ఇదే పాండాని ఇంకోసారి వేరే షాపులో చూపిస్తే కాటా మీద పెట్టి, 30 గ్రాములే ఉంది, ఔన్సు అంటే 31.1 కదా, ఇది దొంగదండీ అన్నారు. 2016 నుంచి చైనా వాళ్ళు ఔన్సు మానేసి సరిగ్గా 30 గ్రాములకి మార్చారు, మొదట్లో వచ్చిన కొన్ని తప్ప 2015 దాకా వచ్చినవి ఔన్సు, తర్వాతవి 30. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది మంచి పాండాని దొంగదని తక్కువకు ఇచ్చేశారో, 31.1 తూగిన కొత్త దొంగ పాండాని మంచిదని ఎంతమంది కొన్నారో. దొంగవీ ఉన్నాయి మరి, పాండాకి మరీ ఎక్కువ.

పరీక్షించడానికి ఆకురాయే అక్కర్లేదు. మా ఇంట్లో నేను చేసేది చెబుతాను, క్యాప్సూల్ లేని వాటికి మాత్రమే. చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి కాటాని సున్నా చేస్తాను. నాణేనికి సన్నదారం కట్టి, గ్లాసు అడుగుకి తగలకుండా నీళ్ళలో వేలాడదీస్తాను. మంచి ఔన్సు వెండి అయితే కాటా 2.96 గ్రాముల దగ్గర ఆగుతుంది, ఎందుకంటే వెండి నీళ్ళకంటే పదిన్నర రెట్లు బరువు. ఆర్కిమెడీసు రాజుగారి కిరీటానికి చేసిందే ఇది. తర్వాత రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. ఇంకోటి, గట్టి అయస్కాంతాన్ని ఏటవాలుగా పెట్టి దాని మీద నాణేన్ని వదిలితే వెండి జర్రున జారదు, తేనెలో దిగినట్టు నింపాదిగా దిగుతుంది. రాగి కూడా దాదాపు అలాగే చేస్తుంది కాబట్టి ఇదొక్కటే చూసి నమ్మకూడదు, బరువు, అడ్డకొలత కలిపి చూసుకోవాలి. ప్రొద్దుటూరులో ఇన్ని బంగారం షాపులున్నాయి, మా ఊరికి రెండో బొంబాయి అని పేరు, ఒక్క షాపులోనైనా ఆకురాయి తీసేముందు గ్లాసు నీళ్ళు తెప్పిస్తే చూడాలని ఉంది.

వెండి ధర పెరిగితే నాణేలు కరగడం కొత్త కాదని నాకు తెలుసు. 1918లో అమెరికా వాళ్ళు పిట్‌మన్ చట్టం అని ఒకటి చేసి, గద్దబొమ్మ ఉన్న వెండి డాలర్లు సుమారు 27 కోట్లు కరిగించారు. ఎవరికోసం అనుకున్నారు? చాలావరకు మనకోసమే. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడ వెండి రూపాయిలకు కటకటైపోయింది, నోటు తెచ్చి ఇస్తే బదులు ఇవ్వడానికి వెండి లేదు, బ్రిటిష్‌వాళ్ళు అమెరికాని బతిమాలి ఆ వెండి తెప్పించారు. అంటే మా తాతల పెట్టెల్లోంచి వచ్చిన జార్జి రాజు రూపాయిల్లో ఏదో ఒకదాంట్లో అమెరికా గద్ద కరిగి ఉండొచ్చు. కరిగించిన వాటిలో ఏ ఏడాది నాణేలు ఎన్ని పోయాయో లెక్క రాయలేదు, అక్కడి సేకర్తలు ఇప్పటికీ తల బాదుకుంటూనే ఉన్నారు.

అట్లాగని జంతువు బొమ్మ ఉంటే చాలు కొనెయ్యమని నేను చెప్పడం లేదు. ఈమధ్య ఫోన్లో ప్రకటనలు వస్తున్నాయి, రంగులు వేసిన పులి, రాళ్ళు పొదిగిన నెమలి, "5,000 మాత్రమే", చెక్కపెట్టె, సర్టిఫికెట్. వెండి ధరకి మూడింతలు, నాలుగింతలు. చూడ్డానికి బాగుందని దాచుకోవడానికైతే కొనుక్కోండి, చీర కొన్నట్టు. తిరిగి అమ్మితే ఆ చెక్కపెట్టెకి, ఆ రంగుకి ఎవరూ పైసా ఇవ్వరు. మా ఆయన ఒకటి కొన్నారు, దాని గురించి ఇంట్లో మాట్లాడకూడదని ఒప్పందం.

మరి నువ్వెందుకమ్మా దాచావు అంటే, క్లాసు కోసం. రిటైరయ్యేముందు నాలుగైదేళ్ళు డబ్బాలో పెట్టుకుని ఏడో తరగతికి తీసుకెళ్ళేదాన్ని, క్యాప్సూల్‌తో సహా చేతికిచ్చేదాన్ని. ఇంటర్నెట్‌లో ఫొటో చూపిస్తే ఒక్క క్షణం చూసి పక్కకి తిరిగే పిల్లలు, వెండి నాణెం చేతికిస్తే ఊపిరి బిగబట్టి చూస్తారు. బరువు వల్లనో ఏమో. ఆస్ట్రేలియా కూకబుర్రాని (1990 నుంచి వస్తోంది, పెర్త్ టంకశాలది) చూసి వెనక బెంచీలో ఒకడు "టీచర్, ఇది మన లకుముకి పిట్టకి అన్న" అన్నాడు. ఎంత కరెక్టుగా చెప్పాడంటే, కూకబుర్రా నిజంగానే లకుముకి కుటుంబమే, కాకపోతే ఒళ్ళు పెద్దది. ఎలుగుబంటిని చూసి ఒక పాప, దీని మూపు మీద గూనెందుకుంది, మన ఎలుగుకి లేదే అనడిగింది. గ్రిజ్లీకి తవ్వడానికి భుజాల దగ్గర కండ అలా గుట్టలా పెరుగుతుందని చెప్పడానికి నాకు ఆ రాత్రి పుస్తకం వెతకాల్సొచ్చింది. నా పావలా ఖడ్గమృగాన్ని కూడా వరసలో పెట్టేదాన్ని, దాన్ని ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. వాళ్ళు పుట్టేటప్పటికే దాని అచ్చు ఆగిపోయింది.

అప్పుడే ఒకడు అడిగాడు, "మన జంతువులవి లేవా టీచర్" అని. ఉన్నాయిరా అని మొదలుపెట్టి ఆగిపోయాను. రూపాయి అన్న మాటే రూప్యం నుంచి వచ్చింది, రూపం అచ్చువేసిన వెండి అని. అమరావతిలో దొరికిన విద్ధాంక నాణేలు (ముద్రలు గుద్ది చేసిన పాతకాలం నాణేలు) వెండివే, అలాంటి నాణేల మీద ఏనుగు, ఎద్దు, చెట్టు, కొండ ఉంటాయి. మన పాతవాళ్ళు డబ్బుని వరహాలన్నారు, వరాహం బొమ్మ ఉండేది కాబట్టి, అంటే అడవిపంది పేరుతో మనం పెళ్ళిళ్ళలో కట్నాలు చదివించుకున్నాం! 1946, 1947ల్లో జార్జి రాజు నికెల్ నాణేల వెనక పులి ఉంది. ప్రాజెక్ట్ టైగర్‌కి 50 ఏళ్ళయిన సందర్భంగా 2023 ఏప్రిల్ 9న మైసూరులో 50 రూపాయల పులి నాణెం విడుదల చేశారు. బాగుంది. మరి పులి తర్వాత? నేపాల్ 1974లోనే వెండి మీద ఎర్రపాండాని, హిమాలయ నెమలిలాంటి డాంఫే పిట్టని వేసింది, పాకిస్తాన్ 1976లో ఘరియల్ మొసలిని వేసింది. ప్రపంచ వన్యప్రాణి నిధి వాళ్ళు దేశదేశాలతో కలిసి వేయించిన వరస అది, అమ్మకాల డబ్బులో కొంత జంతువుల రక్షణకే పోయేది.

మా జిల్లాలో కలివికోడి ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిపోయిందని అంతా అనుకున్న పిట్ట, 1986 జనవరిలో మా కడప జిల్లాలో రెడ్డిపల్లి దగ్గర దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతుంటే, రాత్రిపూట వేటకెళ్ళే ఊరి మనిషి ఒకడు పట్టి తెచ్చాడు. ఎందుకంటే ఆ పిట్ట పగలు కనిపించదు, చీకటి పడ్డాక ముళ్ళపొదల మధ్య పరుగెత్తుతుంది. దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువని దారి మళ్ళించారు. 1988లో తపాలా శాఖ స్టాంపు వేసింది, అది నా దగ్గరుంది. జానెడుకి కాస్త ఎక్కువ పిట్ట, గుండ్రటి పెద్ద కళ్ళు, రొమ్ము మీద రెండు అడ్డపట్టీలు, పొడుగు కాళ్ళు. అద్దంలాంటి వెండి మీద మసక తెలుపులో అది నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చెయ్యడం రాక కాదు. 2023లో ఎన్టీఆర్ గారి 100 రూపాయల నాణెం మన హైదరాబాద్ మింట్‌లోనే అచ్చయింది, సగం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింకు. జనం క్యూలు కట్టి కొనుక్కున్నారు, తెలుగువాళ్ళు నాణెం కొనరని ఎవరూ అనలేరు. (మీ జేబులో రూపాయో రెండో ఉంటే తీసి ఏడాది అంకె కింద చూడండి, బుల్లి నక్షత్రం ఉంటే అది హైదరాబాదుది.) అదే మిషను మీద కలివికోడిని వెయ్యమని కేంద్ర ఆర్థికశాఖని మన ఎంపీలు ఎవరైనా అడగాలి. ఒక్కటి చాలు. తర్వాత రోళ్ళపాడు బట్టమేక పిట్ట, పులికాట్ రాజహంసలు, తిరుమల బంగారు బల్లి, వరస ఎప్పటికీ అయిపోదు. విదేశాల్లో ఉన్న మన పిల్లలు అక్కణ్ణుంచి తోడేళ్ళు తెస్తున్నారు, వాళ్ళు సెలవులకి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు బ్యాగులో ఒక కలివికోడిని పెట్టి పంపుతాం.

అప్పటిదాకా మీరు చెయ్యగలిగింది ఒకటుంది. రోజూ వెండి రేటు వేసేచోట, వారానికొకసారి ఓ నాలుగు లైన్లు ఇలాంటి నాణెం ఒకదాని గురించి వెయ్యండి: ఏ దేశానిది, ఎంత బరువు ఉండాలి, ఎన్ని అచ్చయ్యాయి, లక్షలు రావని కూడా అందులోనే రాయండి. మేటర్ కావాలంటే నేను రాసిస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు.

తోడేలు నా టేబుల్ సొరుగులో ఉంది. క్యాప్సూల్ షాపులోనే విరిగిపోయింది, హోమియో మాత్రల డబ్బాలో దూది వేసి పెట్టాను. ఆ అమ్మాయి కూతురు నిన్న వచ్చి, ఫీజు రసీదు చూపించి, అది ఎక్కడుందని అడిగి తీసుకుని, గీటు పడ్డ అంచుని వేలితో తడిమి చూసింది. ఇంటర్ అయ్యాక దాన్ని తనకే అమ్మాలట, ఆరోజు వెండి రేటు ఎంతుంటే అంతకి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్,
ప్రొద్దుటూరు.